తూర్పు కొసలో అన్నం ఉడకడం లేదు

పగటి పక్షం, రెండో దినం

నిన్న సాయంత్రం పిల్లల పలకలకు పంపిన ప్రశ్న: కొండ మీద అన్నం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, ఎందుకు?

వీళ్లలో కొండ ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. వీళ్ల తాతలు కూడా ఎక్కలేదు. బిలంలో పుట్టి, రాతి కప్పు కింద నడక నేర్చిన పిల్లలు. పైకి వెళ్లాలంటే గాలి నింపిన అంగీ తొడగాలి, అనుమతి కావాలి. వెళ్లినా కనిపించేది చంద్రుడి బూడిద రంగు నేల, నల్లటి ఆకాశం, అందులో నీలం గోళీలాగా భూమి. అయినా ఈ ప్రశ్న ఏటా పంపుతాను. తెలియని చోటు గురించి అడిగితేనే పిల్లలు తమకు తెలిసిందంతా బయట పెడతారు.

నేను పాఠం ముందుగా తయారు చేసుకోను. ముందురోజు ప్రశ్న పంపుతాను, పొద్దున టీ తాగుతూ జవాబులు చదువుతాను. ఒప్పులతో నాకు పని లేదు. ఏ తప్పు ఎక్కువమంది చేశారు, ఏ తప్పులో సగం నిజం దాగి ఉంది, అది చూసుకుని ఆ రోజు తరగతి నడుపుతాను. పేర్లు తీసేసి రెండు మూడు జవాబులు గోడ మీద వేస్తే, పక్కపక్కన కూర్చున్నవాళ్లు వాదించుకుంటారు. ఆ గోలలోంచే భౌతికశాస్త్రం బయటికొస్తుంది. సంజీవమ్మ మేడమ్ తరగతి సంతలా ఉంటుందని పేరు పడింది. పడనీ.

"కొండ మీద చలి కాబట్టి" అని సగం మంది రాశారు. "పొయ్యికి గాలి తగులుతుంది కాబట్టి" అని కొందరు. "ఎక్కి ఎక్కి ఆకలేస్తుంది, అందుకే ఆలస్యమైనట్టు అనిపిస్తుంది" అని ఒకడు. బిలం తూర్పు కొస నుంచి వచ్చే మాబున్ని మాత్రం ఇలా రాసింది: "కొండ దాకా యాల మేడమ్? మా ఇంట్లోనే ఉడకడంలే. కొర్రలు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటాండాయి. మా జేజి కొర్రల్ని తిడతాంది."

వాళ్ల నాయనమ్మ కొర్రల్ని తిట్టడం తలుచుకుని నవ్వుకున్నాను. తరగతి మొదలుపెట్టడానికి మంచి జవాబు దొరికిందనుకున్నాను.

పగటి పక్షం, మూడో దినం

మాబున్ని జవాబు పేరు లేకుండా గోడ మీద వేశాను. పేరు తీసినా దాని భాష దాగదు. అందరూ వెనక్కి తిరిగి దాన్నే చూశారు.

"మీ పొయ్యి పాతదేమో" అన్నాడు పడమర పిల్లవాడొకడు.

"పొయ్యి మొన్ననే మార్చినాం" అంది మాబున్ని.

దాని పక్కన కూర్చునే ఉరుకుందు మెల్లగా చెయ్యెత్తాడు. "మేడమ్, మాకాడ గూడ అంతే. మాయమ్మ రెండుసార్లు నీళ్లు పోసి ఉడకేస్తాంది."

తూర్పు కొస బెంచీలో మరో ఇద్దరు తలలూపారు. నడిమి పిల్లలు, పడమర పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇళ్లలో అందరికీ ఒకే గోదాము నుంచి కొర్రలు వస్తాయి, ఒకే గొట్టం నుంచి నీళ్లు వస్తాయి. మరి తేడా ఎక్కడుంది?  ఇలాంటప్పుడు టీచరు నోరు మూసుకోవడమే పెద్ద పని.

మా తమ్ముడి కూతురు వకుళ లేచింది. ఇంట్లో నన్ను అత్తా అంటుంది, బడిలో మేడమ్ అంటుంది, ఎక్కడా పొరబడదు. "ఉడకడమంటే నీళ్ల వేడి గదా మేడమ్. వాళ్లింట్లో నీళ్లు ఎంత వేడికి మరుగుతాండాయో చూడమనండి. మేం గూడ చూస్తాం."

ఏటా ఈ మాట నేనే చెప్పాల్సి వచ్చేది. బీరువాలోని ఉష్ణమాపకాలన్నీ పంచిపెట్టాను. రేపటి ప్రశ్న తయారైంది.

పగటి పక్షం, నాలుగో దినం

మా బిలంలో నీళ్లు తొంభై ఆరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. కట్టినవాళ్లు గాలి ఒత్తిడిని అలా అమర్చారు, మా అమ్మ కాలం నుంచీ అంతే. నడిమి ఇళ్ల నుంచి తొంభై ఆరు వచ్చింది. పడమర నుంచీ అదే. ఒకరిద్దరు తొంభై ఐదు రాశారు, చూడటంలో తేడా.

తూర్పు కొస పిల్లలందరూ తొంభై ఒకటి రాశారు.

ఉష్ణమాపకాలు చెడిపోయాయేమోనని, తరగతిలో వాటినీ వీటినీ మార్చి ఇచ్చి మళ్లీ చూడమన్నాను.

పగటి పక్షం, ఐదో దినం

మార్చి ఇచ్చినా అంతే. నడిమిలో తొంభై ఆరు. తూర్పు కొసలో ఈసారి తొంభై.

గాలి బరువు తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయి, కానీ ఆ మరుగులో వేడి ఉండదు. అన్నం ఉడకదు. కొండ మీద జరిగేది అదే. పిల్లలు వాదించుకుని, వాదించుకుని, మధ్యాహ్నానికల్లా అక్కడికి వచ్చారు. కానీ తూర్పు కొస కొండ మీద లేదు. ఈ బడికి సమానంగా, అదే సొరంగంలో, ఒకటి మూస్తేనే రెండోది తెరుచుకునే రెండు ఇనుప తలుపుల అవతల ఉంది.

"మరి మా గోడ మీటర్లో అంకె మారలేదే మేడమ్" అన్నాడు ఉరుకుందు. "మీ కాడ ఎంతుండాదో మాకాడ గూడ అంతే చూపిస్తాది."

 రేపు కనుక్కుని చెబుతానన్నాను.

పగటి పక్షం, ఆరో దినం

మా తమ్ముడు ఓబులేసు, బిలానికంతా గాలి అందించే గాలి కచేరీలో ఒత్తిడి విభాగానికి పెద్ద. బడి అయ్యాక నేరుగా కచేరీకే వెళ్లాను. వాడి గది గోడల నిండా ముళ్లున్న మీటర్లు. పిల్లల అంకెలు చెప్పాను. వాడు ఒక మీటరు అద్దాన్ని చొక్కా కొసతో తుడిచాడు.

"ఉష్ణమాపకాలు పాతవి గదక్కా" అన్నాడు.

"మార్చి చూసినాం."

"పిల్లలు. సరిగా చూసుండరు."

"అందరూ ఒకే తప్పు చూస్తారా?"

వాడు లేచి తలుపు వేసి వచ్చాడు. "అక్కా, ఆ ప్రశ్న ఇంకోసారి పెట్టొద్దు. పాఠం మార్చు. వెలుతురు గురించి చెప్పు, అయస్కాంతం చెప్పు. ఏదో ఒకటి."

"ఎందుకురా?"

"నేను చెప్పేది విను. ఊపిరికి ఏం గాదు. ఆక్సిజన్ పాలు పెంచినాం. మనుషులు అలవాటు పడతారు."

పెంచినాం అన్నాడు. వాడి నోట ఆ మాట జారిందని వాడికీ తెలిసింది, నాకూ తెలిసింది. ఇంకేం అడిగినా తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు ఇలాగే ఉండేవాడు. అడగ్గా అడగ్గా ఏడ్చేవాడు. ఇప్పుడు ఏడవలేదు.

పగటి పక్షం, ఎనిమిదో దినం

తూర్పు కొస బెంచీలు ఖాళీ. అక్కడ జలుబు పాకుతోందట, పిల్లలు ఇళ్ల దగ్గరే ఉండి పలకల మీద చదువుకోవాలట. కచేరీ నుంచి ఉత్తర్వు. పెద్దలకు కూడా రాకపోకలు ఆపేశారు. తిండి సామాను బండి ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోంది. నేను తలుపు దాకా వెళ్లాను. కాపలా మనిషి మర్యాదగా, "జలుబు మేడమ్, మీకెందుకు రిస్కు" అన్నాడు.

మళ్లీ నీళ్లు మరగబెట్టి చూడమని ప్రశ్న పంపాను. ఓబులేసు వద్దన్నాడు, అయినా పంపాను.

పగటి పక్షం, తొమ్మిదో దినం

జవాబులు వచ్చాయి. తూర్పు కొస అంతా తొంభై ఆరు.

మాబున్ని జవాబు ఇలా ఉంది: "మా గృహమునందు నీరు తొంభై ఆరు డిగ్రీల వద్ద మరుగుచున్నది. అన్నము చక్కగా ఉడుకుచున్నది."

టీ కప్పు కింద పెట్టేశాను. ఆ పిల్ల ఏనాడూ గృహము అని రాసి ఉండదు. రాయమన్నా రాయదు. పలకల తీగలన్నీ కచేరీ మీదుగానే పోతాయి. దారిలో ఎవరో కూర్చుని పిల్లల మాటలు తుడిచి, తమ మాటలు రాస్తున్నారు. ఇన్నేళ్లలో పిల్లలు నాకు తప్పులు పంపారు, వెక్కిరింతలు పంపారు, ఒకసారి తిట్టు కూడా పంపారు. అవన్నీ నిజాలే. ఈ రోజు మొదటిసారి నా దగ్గరికి అబద్ధం వచ్చింది, అదీ ఒప్పు జవాబు వేషంలో.

తరగతి జరపలేకపోయాను. పిల్లల్ని పాత లెక్కలు చేసుకోమని కూర్చున్నాను. వకుళ రెండుమూడుసార్లు నా వైపు చూసింది.

పగటి పక్షం, పదో దినం

మరుగు, వేడి, అంకె, ఈ మాటలేవీ లేని ప్రశ్న కావాలి. దిద్దేవాడికి అది చిన్నపిల్లల ఆటలా కనబడాలి.

బడి పిల్లలందరికీ వారానికో బొరుగుల పొట్లం ఇస్తారు. పడమర కార్ఖానాలో గాలి పోకుండా అంచులు అతికించి పంపుతారు. తూర్పు కొసకూ బండిలో వెళ్తాయి. ఈ ప్రశ్న పంపాను: "ఈ వారం వచ్చిన బొరుగుల పొట్లాన్ని చింపకముందు బొమ్మ గీసి పంపండి. పక్కన మీ అరచెయ్యి కూడా గీయండి. బాగా గీసినవాళ్ల బొమ్మ గోడ మీద పెడతాను."

పగటి పక్షం, పదకొండో దినం

బొమ్మలు వచ్చాయి. ఎవరూ దిద్దలేదు.

నడిమి, పడమర బొమ్మల్లో పొట్లం నలిగి, పల్చగా, అరచేతి పక్కన పడుకుని ఉంది. తూర్పు కొస బొమ్మల్లో ప్రతి పొట్లమూ ఉబ్బి ఉంది. ఉరుకుందు గీసినది దిండులా ఉంది. మాబున్ని పొట్లానికి రెండు కళ్లు, ఉబ్బిన బుగ్గలు పెట్టి, కింద "జేజికి కోపమొస్తే" అని రాసింది. బయట గాలి పల్చబడితే లోపలి గాలి పొట్లాన్ని తోస్తుంది. ఎంత పల్చబడిందో ఆ బుగ్గలు చెబుతున్నాయి. అక్కడ నీళ్లు మరిగేది ఇప్పుడు తొంభై కాదు, ఎనభై ఐదు దగ్గరికి వచ్చి ఉండాలి.

బొమ్మలన్నీ గోడ మీద రెండు వరసలుగా వేశాను. 

"అవేంది మేడమ్, దిండ్లా?" అన్నాడొకడు. కొందరు నవ్వారు. ఎవరో, "వాళ్లకు బొరుగులు ఎక్కువేసినారు" అన్నారు. ఇంకెవరో, "బొరుగులు గాదు, లోపల గాలి" అన్నారు. పక్కపక్కవాళ్లతో మాట్లాడుకోమన్నాను. సంత మొదలైంది. కాసేపటికి ఒక మూల తగ్గింది, తర్వాత ఇంకో మూల. చివరికి గది మొత్తం నిశ్శబ్దమైంది. 

వకుళ లేచి నిలబడింది. "పొట్లంలో గాలి అందరికీ ఒకటే. బయట గాలే తక్కువైంది. వాళ్ల కాడ గాలి తగ్గిపోతాంది." తర్వాత గొంతు తగ్గించి, "మా నాయనకు తెలుసా అత్తా?" అంది.

బడిలో అత్తా అనడం అదే మొదటిసారి. తెలుసునని చెప్పాను.

పగటి పక్షం, పన్నెండో దినం

పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పారు. పొద్దున్నే కచేరీ ముందు జనం. నేనూ వెళ్లాను. సత్యం తెలిస్తే మనుషులు తలుపులు తెరవమంటారని నా నమ్మకం. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నమ్మకం.

ఓబులేసు మెట్ల మీద నిలబడి అంతా చెప్పాడు. తూర్పు కొస కప్పులో, రాయీ ఇనుమూ కలిసే చోట అతుకు విచ్చుకుంటోంది. లోపల గాలి బరువు ఎంత ఉంటే అంత తొందరగా విచ్చుకుంటుంది. అందుకని కొంచెం కొంచెంగా గాలి తగ్గించుకుంటూ వస్తున్నారు. భయపడతారని మీటర్లలో అంకె కదలకుండా ఆపేశారు. కొత్త గోడ కట్టడానికి ఇనుము చాలదు. అక్కడున్న నాలుగు వందల మందినీ ఇటు తెస్తే గాలి శుద్ధి చేసే యంత్రాలు మొయ్యలేవేమోనని కచేరీ అనుమానం.

"అతుకు ఒకేసారి పోతే?" అని ఎవరో అడిగారు.

"తలుపు మూసెయ్యాల."

"మూయకపోతే మన గాలి గూడ పోతాదా?"

"పోతాది."

జనంలోంచి ఒకావిడ, వాళ్ల అబ్బాయి నా తరగతిలోనే చదువుతాడు, చంకలో చంటిబిడ్డతో ముందుకొచ్చింది. మంచి మనిషి. పోయినేడు నాకు జ్వరమొస్తే గంజి తెచ్చి ఇచ్చింది. "మరి ఇంకా యాల తెరుస్తాండారు సార్? ఇప్పుడే మూసేయండి" అంది.

ఆమె వెనక చాలా గొంతులు అదే మాట అన్నాయి. కొందరు వద్దన్నారు, వాళ్ల గొంతులు తక్కువ. నేను మాట్లాడాను. ఆ పిల్లల పేర్లు చెప్పాను, ఒక్కొక్కరివీ. విన్నారు. ఎవరూ నా మీద కోప్పడలేదు. ఊరకే నేల చూశారు.

పిల్లల్నీ, తల్లుల్నీ రేపు తెచ్చుకోవాలనీ, మిగతావాళ్ల సంగతి యంత్రాల బలం చూసుకుని తేల్చాలనీ పెద్దలు తీర్మానించారు. నిన్నటి తరగతి నా జీవితంలో అన్నిటికంటే బాగా జరిగిన తరగతి. ఈ రోజు దాని ఫలితం చూశాను.

పగటి పక్షం, పదమూడో దినం

ఇది రాయడానికి చాలా బలం కూడదీసుకోవాల్సి వచ్చింది.

పొద్దున తలుపు దగ్గర నేను హాజరు పిలవడానికి నిలబడ్డాను. ఓబులేసు తలుపు మీట దగ్గర నిలబడ్డాడు. అంతమంది ఒకేసారి రావడానికి రాత్రే రెండు వైపులా గాలి సమానం చేసి, తలుపులు రెండూ తెరిచిపెట్టారు. అవతలి నుంచి పిల్లలు మూటలతో వచ్చారు. తల్లుల వెనకే తండ్రులు కూడా నడిచారు, ముసలివాళ్లు కూడా. కాపలావాళ్లు నా తమ్ముడి వైపు చూశారు. వాడు, "రానీండి. అందర్నీ రానీండి" అన్నాడు. తీర్మానం అది కాదు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

అంతమంది నడుస్తుంటే నేల అదిరిందో, అతుక్కి ఆ రోజే రాసిపెట్టి ఉందో తెలియదు. పైనుంచి బట్ట చిరిగినట్టు ఒక చప్పుడు. తర్వాత గాలి. బిలంలో గాలి వీయడం నేను పుట్టాక చూడలేదు. మా వీపుల మీదుగా తూర్పు వైపు వీచింది. మూటలు దొర్లాయి. వాళ్లు పరుగెత్తారు. మాబున్ని వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని గడప దాటింది. దాటి వెనక్కి తిరిగి, "జేజీ, బిర్న రా" అని పిలిచింది. వాళ్ల జేజి ఆయాసం మనిషి. ఎవరో యువకులు ఇద్దరు ఆమెను మోసుకొస్తున్నారు. వాళ్లు కనిపిస్తున్నారు. వాళ్ల వెనక ఇంకా కొందరు.

నా వెనక నడిమి జనం అరుస్తున్నారు, మూసేయండి, మూసేయండి అని. చెవులు దిబ్బడేశాయి.

ఓబులేసు మీట దించాడు.

ఇరవై ముగ్గురు అటువైపు ఉండిపోయారు.

రాత్రి పక్షం, ఐదో దినం

తూర్పు కొసవాళ్లు బడి వసారాల్లో, గోదాములో, మా ఇళ్లలో సర్దుకున్నారు. యంత్రాలు మోస్తున్నాయి. కొంచెం వేడెక్కుతున్నాయి, అంతే. మాబున్నీ, వాళ్లమ్మా నా ఇంట్లో ఉంటున్నారు. ఆ పిల్ల నాతో మాట్లాడుతుంది. అన్నం తింటుంది. వాళ్లమ్మ గిన్నెలు తోముతూ ఒక్కోసారి అలాగే ఆగిపోతుంది.

మళ్లీ తరగతులు మొదలుపెట్టమన్నారు. అద్దాల మీద వెలుతురు గురించి చిన్న ప్రశ్న పంపాను. పొద్దున టీ పెట్టుకుని పలక తెరిచాను.

తూర్పు కొస పిల్లల్లో ఒక్కరు కూడా అద్దం గురించి రాయలేదు. మాటలు వేరైనా అందరూ ఒకటే అడిగారు. మాబున్నిది నా ఇంట్లోంచే, గోడ అవతలి నుంచే వచ్చింది. "మేడమ్, తలుపు ఇంకొంచెంసేపు తెరిసిపెట్టింటే ఏమయ్యేది? గాలి అందరికీ చాలేదా? లెక్క ఎట్ల చెయ్యాల?"

పిల్లలు ఏమి రాస్తే దాని మీదే ఆ రోజు పాఠం. ఇన్నేళ్లూ అలాగే నడిచాను. ఈ లెక్క కష్టమైంది కాదు. తొట్టికి చిల్లు పడితే నీళ్లు ఎంతసేపట్లో అయిపోతాయో, అదే లెక్క. కావలసింది చిల్లు ఎంతదో, గాలి ఎంత ఉందో. ఆ అంకెలు ఉన్నది ఒక్క మనిషి దగ్గర.

ఓబులేసు ఆ రోజు నుంచి కచేరీకి వెళ్లడం లేదు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మాబున్ని జవాబు చూపించాను.

"చెప్పకపోతే ఏం?" అన్నాను. "అంకెలు లేవని చెప్తా. అద్దాల పాఠమే చెప్తా."

వాడు రెండుసార్లు చదివాడు. "లెక్క నేను చేసినానక్కా. ఆ రోజే, తలుపు మూసినాక చేసినా."

ఎంత వచ్చిందో నేను అడగలేదు.

"నేనొస్తా" అన్నాడు. "అంకెలు నేనే రాస్తా. నువ్వు పాఠం చెప్పు."

"వకుళ గూడ ఉంటాదిరా తరగతిలో."

"తెలుసు."

రాత్రి పక్షం, ఆరో దినం

వాడు గడ్డం గీసుకుని వచ్చాడు. బోర్డు మీద మూడు అంకెలు రాశాడు. చిల్లు ఎంతది, రెండు వైపులా కలిపి గాలి ఎంత, ఊపిరాడటానికి ఎంత మిగలాలి. రాసి పక్కకు జరిగి నిలబడ్డాడు. నేను తొట్టి బొమ్మ వేసి దారి చూపించాను. ఇద్దరిద్దరు కలిసి చేయమన్నాను. ఎవరూ గోల చేయలేదు. వకుళ ముందు బెంచీలో ఒంటరిగా కూర్చుంది. దానితో జత కూర్చోవడానికి ఎవరూ రాలేదు.

చాలామంది ముగించారని చేతులు ఆగడం చూస్తే తెలిసింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు ఓబులేసు.

 చివరికి వకుళే, పలక మీంచి తల ఎత్తకుండా అంది. "అందరూ వచ్చేంత టైముంది నాయనా. వచ్చినాక గూడ కొంచెం మిగులుతాది."

"అవును" అన్నాడు.

మాబున్ని లేచి నిలబడింది. కోపంగా లేదు. తెలియనిది అడిగే పిల్లలాగే అడిగింది. "మరి యాల మూసినారు సార్?"

"భయమైందమ్మా" అన్నాడు. "గాలి చప్పుడు వింటే లెక్క చెయ్యాలని గుర్తు రాలేదు. జనం అరుస్తాండారు. భయమైంది."

మాబున్ని కూర్చోలేదు. 

వకుళ పలక తుడిచేసింది. "ఒకసారి మళ్లా చేస్తా నాయనా" అంది. "యాడో తప్పు పోయింటాది. చిల్లు అంకె కాడ నేను తొందరపడినా." మొదటి నుంచి మొదలుపెట్టింది. రాసిన అంకెల మీదే మళ్లీ దిద్దుకుంటూ పోయింది. ఓబులేసు వద్దనలేదు. అది ముగించేదాకా కదలకుండా నిలబడ్డాడు.

మాబున్ని తన బెంచీలోంచి బయటికి వచ్చింది. ముందుకు నడిచి వకుళ పక్కన కూర్చుంది. ఒక్కొక్క మెట్టూ సరిచూసుకోవడానికి వీలుగా తన పలకను దాని పలక పక్కన పెట్టింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని పైనుంచి కిందికి వచ్చారు. తప్పు ఎక్కడా దొరకలేదు. మళ్లీ పైకి వెళ్లి వెతకడం మొదలుపెట్టారు.